కన్సోల్ కోసం చేసిన గేమ్‌ని పీసీకి అతికిస్తున్నారు... మన గేమ్‌ల క్వాలిటీ పోవడానికి అదేనా కారణం?

అలిపిరి_గేమర్

నెలనెలా కొంచెం పక్కకు పెట్టుకుని మొన్న ఒక పెద్ద గేమ్ కొన్నాను. పేరు రాయను, రాస్తే థ్రెడ్ మొత్తం ఆ ఒక్క గేమ్ మీదకే పోతుంది. కన్సోల్‌లో (టీవీకి తగిలించి ఆడే పీఎస్ 5, ఎక్స్‌బాక్స్ లాంటి పెట్టెలో) ఎప్పుడో వచ్చింది, ఆడినవాళ్లంతా ఆహా ఓహో అన్నాక ఇప్పుడు పీసీకి తెచ్చారు. నా దగ్గర రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 8 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి, మరీ తీసిపారేసే మెషీన్ ఏం కాదు. గేమ్ తెరవగానే "షేడర్లు తయారవుతున్నాయి" అని ఒక గీత వచ్చింది. అది నిండేలోపు నేను స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చాను. అసలే తిరుపతి మే నెల, గదిలో ఫ్యాన్ వేడిగాలే ఇస్తుంటే క్యాబినెట్ ఫ్యాన్లు ఇంకోవైపు హోరు.

సరే అని ఆడితే కొత్త చోటికి అడుగుపెట్టిన ప్రతిసారీ అర సెకను బిగుసుకుపోతుంది. మౌస్ తిప్పితే చూపు బరువుగా, ఆలస్యంగా తిరుగుతుంది. మెనూలో ఏది ఎంచుకోవాలన్నా బటన్ నొక్కి పట్టుకోవాలట, క్లిక్ చేస్తే చాలదట. సేవ్ మన చేతుల్లో లేదు, చెక్‌పాయింట్ వచ్చేదాకా ఆడాల్సిందే. మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు.

కొర్లగుంటలో మా ఫ్రెండ్ ఇంట్లో పీఎస్ 5 మీద అదే గేమ్ వెన్నలా నడుస్తోంది. నా మెషీన్ దానికంటే తక్కువేం కాదే! గేమ్‌లన్నీ ముందు కన్సోల్ కోసం చేసి తర్వాత మనకు పడేయడం వల్లే ఇలా అవుతోందా, లేక వేరే కారణం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

లీలామహల్_సెంటర్

అదే కారణం. ఇంకేం వెతకనక్కర్లేదు. ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది 2005 లో, అప్పటినుంచి పీసీ వాళ్లకు రెండో పంక్తి భోజనమే.

పలమనేరు_పిల్లోడు

నొక్కి పట్టుకునే బటన్లు నాకూ పడవు అన్నా. తలుపు తీయడానికి కూడా పట్టుకోవాలా!

కీబోర్డ్_కింగ్

లీలామహల్ అన్నా, 2005 కాదు, ఇంకా ముందే మొదలైంది. డ్యూస్ ఎక్స్ మొదటి భాగం 2000 లో పీసీ కోసమే చేశారు. పెద్దపెద్ద వీధులు, ఒక పని చేయడానికి నాలుగైదు దారులు, ఆడుతుంటే ఊరంతా మనదే అనిపించేది. రెండో భాగం, ఇన్విజిబుల్ వార్, 2003 లో వచ్చింది. ఈసారి మొదటి ఎక్స్‌బాక్స్‌ని కూడా దృష్టిలో పెట్టుకుని చేశారు. ఆ పెట్టెలో మొత్తం మెమరీ 64 ఎంబీ. దాంట్లో పట్టాలి కాబట్టి ఊళ్లను ముక్కలు ముక్కలు చేశారు, నాలుగు గదులు తిరిగితే లోడింగ్, మళ్లీ నాలుగు గదులు, మళ్లీ లోడింగ్. తుపాకులన్నిటికీ ఒకే రకం గుళ్లు పెట్టేశారు. పీసీలో ఎంత ర్యామ్ ఉన్నా ఉపయోగం లేదు, ఎందుకంటే గేమ్ పుట్టిందే ఆ చిన్న కొలతలో.

నాకు బాధ ఇదే. గ్రాఫిక్స్ తగ్గితే కార్డు మార్చుకుంటాం, తర్వాత ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) వస్తుంది. గేమ్ ఆలోచనే చిన్నదైతే ఏ ప్యాచ్ వచ్చి పెద్దది చేస్తుంది? క్రైసిస్ 2007 లో పీసీకి మాత్రమే వచ్చింది, ఆ దీవిలో ఏ వైపు నుంచైనా పోవచ్చు. 2011 లో క్రైసిస్ 2 పీసీ, ఎక్స్‌బాక్స్ 360, పీఎస్ 3 మూడింటికీ వచ్చింది, సందుల్లోంచి నడిపించారు. పీసీ వెర్షన్ తెరిస్తే "స్టార్ట్ నొక్కండి" అని వచ్చింది. కీబోర్డులో స్టార్ట్ బటన్ ఎక్కడుంది? ఆ ఒక్క మాట కూడా మార్చే తీరిక లేకపోయింది వాళ్లకు.

నెట్‌సెంటర్_అన్న

ఇక్కడ నేను ఒప్పుకోను తమ్ముడూ. బాలాజీ కాలనీ పక్కన చాలా ఏళ్లు నెట్ సెంటర్ నడిపినవాణ్ణి, పీసీ గేమింగ్ మన ఊళ్లోకి ఎలా వచ్చిందో దగ్గరుండి చూశాను. పిల్లలు ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి వచ్చి గంటకింత అని కట్టి ఆడినవి ఏవి? వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్, క్రికెట్ 07. శాన్ ఆండ్రియాస్ 2004 అక్టోబర్‌లో పీఎస్ 2 లో వచ్చి, మరుసటి ఏడాది జూన్‌లో పీసీకి వచ్చింది. క్రికెట్ 07 పీఎస్ 2 కీ పీసీకీ వచ్చింది. ఆ గేమ్‌లు పీఎస్ 2 లాంటి చిన్న మెషీన్‌లో పట్టేలా చేశారు కాబట్టే నా షాపులో గ్రాఫిక్స్ కార్డు కూడా సరిగా లేని పాత పెంటియం డబ్బాల మీద నడిచాయి. అదే పీసీ కోసమే, పెద్ద కార్డుల కోసమే చేసుంటే మన పిల్లలు బయట నిలబడి చూసేవాళ్లు.

క్రైసిస్ అన్నావు. 2007 లో తిరుపతిలో క్రైసిస్ నడిపే మెషీన్ ఎంతమంది ఇళ్లలో ఉండేది? నా షాపులో అయితే ఒక్కటీ లేదు.

మదనపల్లె_టమాటా

క్రికెట్ 07 పేరెత్తారు, ఇక నా పనులు ఆగిపోయినట్టే. ఈరోజుకీ కొత్త జెర్సీలు, కొత్త టీమ్‌లు, ఐపీఎల్ స్టేడియాలు తయారుచేసి పెడుతున్నారు జనం. 2006 చివర్లో వచ్చిన గేమ్ అది! పీఎస్ 2 లో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది, పీసీలో ఫైళ్లు తెరిచి మార్చుకునే వీలు ఉంది కాబట్టి బతికింది. పోర్టే (ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తెచ్చిన గేమే) అయినా పీసీకి వచ్చాక దానికి రెండో జీవితం దొరికింది.

లీలామహల్_సెంటర్

నెట్‌సెంటర్ అన్నా, మీ షాపులో కీబోర్డు మీద డబ్ల్యూ అక్షరం అరిగిపోయి ఉండేది, నాకు ఇంకా గుర్తుంది. ఆరో నంబర్ సిస్టమ్.

నెట్‌సెంటర్_అన్న

ఆరో నంబర్‌కి ఎప్పుడూ క్యూనే. దాని మౌస్ ఒక్కటే బాగుండేది.

షేడర్_సామి

అలిపిరి తమ్ముడు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, అందరూ పాత రోజుల్లోకి పోయారు. నేను చెప్తా, కొంచెం పొడుగు అవుతుంది.

షేడర్ అంటే వెలుగు, నీడ, నీళ్లు, చర్మం ఎలా కనపడాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రామ్. పెద్ద గేమ్‌లో ఇవి వేలల్లో ఉంటాయి. ప్రతి కార్డూ వాటిని తన సొంత భాషలోకి మార్చుకోవాలి. పీఎస్ 5 లన్నిటిలో ఒకటే చిప్ కుటుంబం, కాబట్టి స్టూడియో వాళ్లే ముందుగా మార్చేసి డిస్క్‌లో పెట్టి ఇస్తారు. మీ ఫ్రెండ్ గేమ్ పెట్టగానే ఆట మొదలవుతుంది. పీసీలో ఎన్‌వీడియా, ఏఎండీ, ఇంటెల్, వాటిలో మళ్లీ ఎన్నో తరాలు, ఒక్కోదానికి ఒక్కో డ్రైవర్. ముందే మార్చి ఇవ్వడం కుదరదు. అందుకే నీ ఇంట్లో, నీ సీపీయూ మీద ఆ పని జరుగుతుంది. మంచి స్టూడియో అయితే మొదట్లోనే అంతా పూర్తి చేయిస్తుంది. కొందరు ఆ జాబితా సరిగా సేకరించరు, అప్పుడు నువ్వు కొత్త చోటికి పోగానే కొత్త షేడర్ కావాల్సి వచ్చి ఆట బిగుసుకుపోతుంది. కన్సోల్ మీదే పరీక్షించుకుంటూ కూర్చున్నవాళ్లకు ఈ బిగుసుకోవడం కంటికే కనపడదు. అక్కడ అది ఉండదు కదా.

రెండోది మెమరీ. పీఎస్ 5 లో 16 జీబీ అంతా ఒకే చోట ఉంటుంది, సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ అందులోంచే వాడుకుంటాయి. అందులో పెద్ద భాగాన్ని బొమ్మల కోసం వాడుకోవచ్చు. నీ మెషీన్‌లో ర్యామ్ 16, కార్డులో 8, రెండూ వేరు. కన్సోల్ కొలతకు చేసిన టెక్స్చర్లు (గోడలు, బట్టలు లాంటి వాటి పైన అతికించే బొమ్మలు) 8 లో పట్టక అటూ ఇటూ తిప్పుతుంటే ఆట తడబడుతుంది. ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం 2023 మార్చిలో పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డుల వాళ్లందరూ పడిన ఇబ్బంది ఇదే. టెక్స్చర్లు మీడియంలో పెడితే మట్టి పూసినట్టు కనపడేవి, హైలో పెడితే కార్డు నిండిపోయేది. తర్వాత ప్యాచ్‌లు వేసి చాలా వరకు సరిచేశారు. అంటే చేయగలిగిందే, విడుదల రోజుకి చేయలేదు.

అలిపిరి_గేమర్

సామీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. అంటే నా కార్డు స్పీడ్ చాలు, చోటు చాలడం లేదు. అంతేనా?

షేడర్_సామి

అంతే. ఆ తరం కార్డులకు స్పీడ్ బాగానే ఇచ్చి మెమరీ దగ్గర పిసినారితనం చేశారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

పలమనేరు_పిల్లోడు

మౌస్ బరువుగా తిరగడం సంగతి ఏంటి మరి?

కీబోర్డ్_కింగ్

అది నేను చెప్తా. కన్సోల్ గేమ్‌ప్యాడ్ మీది పుల్లతో గురి పెట్టడం కష్టం కాబట్టి గేమే కొంచెం సాయం చేస్తుంది, కదలికను మెత్తబరుస్తుంది, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతుంది. ఆ లెక్కనే మౌస్‌కి కూడా తగిలిస్తే చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. ఇంకా ఘోరం రెసిడెంట్ ఈవిల్ 4 పాత పీసీ వెర్షన్, 2007 ది. అందులో మౌస్‌తో గురిపెట్టే వీలే ఇవ్వలేదు. పీసీకి గేమ్ అమ్ముతూ మౌస్ ఇవ్వకపోవడం ఏంటసలు!

చూపు వెడల్పు ఇంకొకటి. టీవీ దూరంగా ఉంటుందని కన్సోల్ గేమ్‌లలో చూపు ఇరుకుగా, 60 డిగ్రీల చుట్టుపక్కల పెడతారు. మనం మానిటర్‌కి మూరెడు దూరంలో కూర్చుంటాం, మనకు 90 దాకా కావాలి. మార్చుకునే వీలు ఇవ్వకపోతే కాసేపటికి తల తిరుగుతుంది.

బైరాగిపట్టెడ_భార్గవి

ఆ తల తిరగడం ఊరికే చెప్పే మాట కాదు. మా చెల్లికి ఇరుకు చూపు గేమ్ పెడితే పది నిమిషాల్లో వాంతి వచ్చేలా ఉంటుంది. చూపు వెడల్పు మార్చే స్లైడర్ ఉన్న గేమ్ అయితే గంటలు ఆడుతుంది. ఒక్క స్లైడర్! అది పెట్టడానికి అంత కష్టమా అని నాకు ఎప్పుడూ కోపం. గేమ్ కొనే ముందు మేము చూసేది గ్రాఫిక్స్ కాదు, ఆ స్లైడర్ ఉందా లేదా అని.

మదనపల్లె_టమాటా

మెనూల సంగతి కూడా రాయండి. స్కైరిమ్ 2011 లో వచ్చినప్పుడు సామాన్ల జాబితా చూశారా? సోఫాలో కూర్చుని దూరం నుంచి చూడటానికి పెద్దపెద్ద అక్షరాలతో ఒకే నిలువు వరస. వంద వస్తువులుంటే కిందకి పోతూనే ఉండాలి. చివరికి జనమే స్కైయూఐ అని మోడ్ (ఆడేవాళ్లు సొంతంగా చేసుకునే మార్పు) చేసుకుని బరువు, ధర, రకం అన్నీ వరసల్లో కనపడేలా మార్చుకున్నారు. నాకు తెలిసిన పీసీ వాళ్లెవరూ అది లేకుండా ఆడలేదు.

గ్రీమ్స్‌పేట_కోడర్

చిత్తూరు నుంచి బెంగళూరు వచ్చి గేమ్‌ల పనిలో ఉన్నాను, పెద్ద గేమ్‌లకు బయటి నుంచి పని చేసిచ్చే ఆఫీసు. లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసినంత చెప్తాను.

పైన అందరూ కన్సోల్ మెషీన్ గురించి మాట్లాడుతున్నారు. 2013 చివర్లో పీఎస్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చినప్పటి నుంచి లోపల ఉన్నది పీసీ లాంటి ఏఎండీ చిప్పే. అంతకుముందు పీఎస్ 3 లో సెల్ అనే విచిత్రమైన ప్రాసెసర్ ఉండేది, దాని కోసం రాసిన కోడ్‌ని పీసీకి తేవడం అంటే సగం మళ్లీ రాయడమే. ఇప్పుడు ఆ గోడ లేదు. మరి పోర్టులు ఎందుకు చెడిపోతున్నాయి? టైమ్. విడుదల తేదీ ముందే ప్రకటించేస్తారు. కన్సోల్ వెర్షన్‌ని సోనీ, మైక్రోసాఫ్ట్ పరీక్షించి ఒప్పుకోవాలి, లేదంటే వెనక్కి వస్తుంది, అందుకని మనుషులందరినీ అటే పెడతారు. పీసీకి అలాంటి గేటు లేదు. ఎప్పుడైనా అప్‌లోడ్ చేయొచ్చు, తర్వాత ప్యాచ్ వేయొచ్చు అనే ధైర్యం. ఆ ధైర్యం మీటింగుల్లో నేను నా చెవులతో విన్నాను. పీసీ బగ్ జాబితా చదువుతుంటే "విడుదల తర్వాత చూద్దాం" అనే మాటే ఎక్కువ వినపడుతుంది. రాత్రిళ్లు కూర్చునే మా వాళ్లకు పని చేతకాక కాదు, వాళ్లకు ఇచ్చిన వారాలు చాలక.

కీబోర్డ్_కింగ్

అక్కా, మీ మాట గౌరవిస్తాను, కానీ టైమ్ లేకపోవడానికి కూడా మూలం కన్సోలే కదా. డబ్బు అక్కడ వస్తుందని మనుషుల్ని అక్కడ పెట్టారు.

గ్రీమ్స్‌పేట_కోడర్

డబ్బు ఎక్కడ వస్తే అక్కడ పెడతారు, నిజమే. అదే డబ్బు ఉంది కాబట్టే గేమ్ అంత పెద్దదిగా తయారైంది కూడా. కన్సోల్ అమ్మకాలు లేకపోతే ఆ గేమ్ పీసీకి చెడ్డగా వచ్చేది కాదు, అసలు వచ్చేదే కాదు. నేను కోరేది ఒక్కటే: పీసీ వెర్షన్ సిద్ధంగా లేకపోతే దాన్ని మాత్రం వెనక్కి జరపండి. రాక్‌స్టార్ వాళ్లు రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ని 2018 లో కన్సోల్‌కి, 2019 నవంబర్‌లో పీసీకి ఇచ్చారు.

లీలామహల్_సెంటర్

రెడ్ డెడ్ 2 పీసీలో మొదటి వారం తెరుచుకోకుండా ఏడిపించింది కదా అక్కా. ఏడాది ఆగినా అంతేనా?

గ్రీమ్స్‌పేట_కోడర్

ఏడిపించింది. తర్వాత నిలబడింది, ఇప్పుడు చూడండి ఎంత అందంగా ఉంటుందో. ఒక్క ఏడాది ఆగితే చాలు అని నేను అనను, ఆ ఏడాది నిజంగా పీసీ మీద పనిచేయాలి.

రేణిగుంట_రాజా

బయటి వాళ్లకు ఇవ్వడం గురించి అక్క ఎక్కువ చెప్పలేదు, నేను చెప్తా. బ్యాట్‌మ్యాన్ అర్కమ్ నైట్, 2015 జూన్. గేమ్ చేసింది రాక్‌స్టెడీ. పీసీ వెర్షన్ పనిని ఐరన్ గెలాక్సీ అనే చిన్న బయటి స్టూడియోకి ఇచ్చారు. సెకనుకు 30 ఫ్రేమ్‌లకు కట్టేశారు, దాన్ని కూడా నిలబెట్టలేకపోయింది. జనం తిట్టిపోస్తే విడుదలైన కొద్ది రోజులకే పీసీ అమ్మకం ఆపేశారు. మళ్లీ అక్టోబర్ చివర్లో పెట్టారు. అంత పెద్ద కంపెనీ ఒక పెద్ద గేమ్‌ని అంగట్లోంచి వెనక్కి తీసుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

డార్క్ సోల్స్ ఇంకా ఘోరం. 2012 ఆగస్టు. పీసీలో ఏ రిజల్యూషన్ పెట్టినా లోపల బొమ్మ గీసేది 1024 బై 720 లోనే. డ్యురాంటే అనే మోడర్ విడుదలైన రోజే డీఎస్‌ఫిక్స్ అని ఒక చిన్న ఫైల్ చేసి ఆ తాళం తీసేశాడు. జీతం తీసుకోని మనిషి ఒక్క రోజులో చేసిన పని అది. ఇంత జరిగినా డార్క్ సోల్స్ నాకు ప్రాణం, మళ్లీ మళ్లీ ఆడతాను, అది వేరే సంగతి.

నెట్‌సెంటర్_అన్న

అవన్నీ నిజమే. మంచివి కూడా చెప్పండి మరి. మెటల్ గేర్ సాలిడ్ 5 కూడా 2015 లోనే వచ్చింది, పీసీలో ఎంత హాయిగా నడిచింది! డూమ్ 2016 అంతే. కన్సోల్‌కీ పీసీకీ కలిపి చేసినవే రెండూ.

షేడర్_సామి

గాడ్ ఆఫ్ వార్ 2022 జనవరిలో వచ్చింది, బాగుంది. అదే ఏడాది ఆగస్టులో స్పైడర్‌మ్యాన్ రీమాస్టర్డ్ వచ్చింది, దాన్ని పీసీకి తెచ్చింది నిక్సెస్ వాళ్లు. పోర్టులు చేయడమే ఏళ్లుగా వాళ్ల పని, సోనీ 2021 లో వాళ్లను కొనేసింది. అందులో చూపు వెడల్పు, వెడల్పాటి మానిటర్లు, కీబోర్డ్ బటన్లు మార్చుకోవడం అన్నీ ఉన్నాయి. కాబట్టి రేణిగుంట తమ్ముడూ, బయటి స్టూడియోకి ఇవ్వడం తప్పు కాదు. ఎవరికి ఇచ్చారు, ఎన్నాళ్లు ఇచ్చారు అన్నదే లెక్క.

మదనపల్లె_టమాటా

ఫిఫా సంగతి ఎవరూ ఎత్తలేదే! ఫిఫా 21, ఫిఫా 22 పీసీ వాళ్లకు ఇచ్చింది పాత తరం, పీఎస్ 4 వెర్షన్. పీఎస్ 5 వాళ్లకు కొత్త కదలికలు, కొత్త బొమ్మలు. ఫిఫా 23 తో గానీ పీసీకి కొత్తది రాలేదు. ఫిఫా 14 అప్పుడు కూడా ఇదే చేశారు, కొత్త ఇంజిన్ కన్సోల్‌కి, మనకు ఫిఫా 15 లో. చాలామంది దగ్గరున్న పీసీలు తట్టుకోవు అని కంపెనీ చెప్పింది. తట్టుకునే పీసీ ఉన్నవాడికైనా ఇవ్వాలి కదా, సెట్టింగ్స్ అనే పేజీ ఉన్నది దేనికి?

గ్రీమ్స్‌పేట_కోడర్

ఇందులో మీతో వంద శాతం ఏకీభవిస్తాను.

కీబోర్డ్_కింగ్

వాచ్ డాగ్స్ 2014 కూడా అంతే. ముందు ప్రదర్శనలో చూపించిన వెలుగులు విడుదలైనప్పుడు లేవు. ఒక మోడర్ పీసీ ఫైళ్లు తవ్వితే ఆ ఎఫెక్టులు కొన్ని లోపలే ఉన్నాయి, ఆపేసి పెట్టారంతే. స్థిరంగా నడవాలని ఆపాం అని కంపెనీ చెప్పింది. నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఆపండి, తప్పులేదు, కానీ కావాలనుకున్నవాడు తెరుచుకునేలా పెట్టండి.

పలమనేరు_పిల్లోడు

నాకు పెద్ద సమస్య సైజు అన్నా. మా వైపు ఫైబర్ మొన్నమొన్ననే వచ్చింది. 150 జీబీ గేమ్ దించాలంటే భయం.

రేణిగుంట_రాజా

దాని వెనక కూడా కథ ఉంది. టైటాన్‌ఫాల్ 2014 లో పీసీకి 48 జీబీ. అందులో దాదాపు 35 జీబీ ఒట్టి శబ్దమే, కుదించకుండా పెట్టారు. తక్కువ సీపీయూ ఉన్న పీసీలకు ఆ కుదించిన శబ్దాన్ని విప్పడం భారమవుతుందని. ఎక్స్‌బాక్స్ వన్‌లో ఆ పనికి వేరే చిప్ ఉంది, దానికి ఆ గొడవ లేదు. హెల్‌డైవర్స్ 2 కూడా అలాగే, కన్సోల్‌లో నలభై జీబీ కూడా లేనిది పీసీలో 150 దాటింది. హార్డ్ డిస్క్ వాడేవాళ్ల కోసం ఒకే ఫైల్‌ని చాలా చోట్ల పెట్టారు, వెతకడం తేలికవుతుందని. 2025 చివర్లో ఆ నకళ్లు తీసేసి ఎంతో తగ్గించారు.

నెట్‌సెంటర్_అన్న

చూశారా, ఇది పీసీ వల్లే వచ్చిన బరువు. మన మెషీన్లు వంద రకాలు కాబట్టి అందరికీ సర్దాలి. అన్నిటికీ కన్సోల్‌ని తిట్టకండి.

లీలామహల్_సెంటర్

అన్న ఇవాళ కన్సోల్ తరఫు వకీలు.

నెట్‌సెంటర్_అన్న

తరఫు ఏం లేదబ్బాయ్. పీసీలు అమ్మే చేతులు నావి, వాటి మీద నాకున్న ప్రేమ నీకు తెలుసు. 2007 లో వచ్చిన 8800 జీటీ కార్డుతో ఐదారేళ్లు కొత్త గేమ్‌లు ఆడినవాళ్లు ఉన్నారు. ఎందుకు? ఎక్స్‌బాక్స్ 360, పీఎస్ 3 రెండింటిలోనూ మొత్తం కలిపి 512 ఎంబీ మెమరీయే, గేమ్‌లన్నీ ఆ కొలతలోనే ఉండాలి. ఇంట్లో ఒకసారి పీసీ కొంటే ఏళ్ల తరబడి మార్చే పని లేకపోయింది. మధ్యతరగతి ఇంటికి అది చిన్న విషయం కాదు. కీబోర్డ్ కింగ్‌కి గేమ్ చిన్నదైపోయిందని బాధ, నాకు ఆడేవాళ్లు ఎక్కువయ్యారని సంతోషం. రెండూ ఒకే దాంట్లోంచి వచ్చాయి.

కీబోర్డ్_కింగ్

ఈ మాట మాత్రం కాదనలేను. మా నాన్న 2008 లో కొనిచ్చిన డబ్బా మీదే నేను డిగ్రీ అయ్యేదాకా ఆడాను. అయినా నా బాధ నాదే.

బైరాగిపట్టెడ_భార్గవి

తిరగబడిన కేసు కూడా ఉంది. సైబర్‌పంక్ 2077, 2020 డిసెంబర్. మంచి పీసీ ఉన్నవాళ్లకు పర్వాలేదు, బగ్‌లు ఉన్నా ఆడగలిగారు. పాత పీఎస్ 4 లో అయితే మనుషులు కనపడకుండా పోవడం, ఆగిపోవడం. సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది, 2021 జూన్ దాకా పెట్టలేదు. అంటే కోడర్ అక్క చెప్పిన గేటు కూడా ప్రతిసారీ పనిచేయదు.

గ్రీమ్స్‌పేట_కోడర్

అవును భార్గవీ. ఆ గేటు చూసేది గేమ్ కూలిపోతుందా, సేవ్ పాడవుతుందా లాంటివి ఎక్కువ. సాఫీగా నడుస్తుందా, ఆడేవాడికి హాయిగా ఉందా అన్నది వాళ్ల జాబితాలో పెద్దగా ఉండదు. బాల్డర్స్ గేట్ 3 మాత్రం వాళ్లు చేసిన పద్ధతి నాకు నచ్చింది. 2023 ఆగస్టులో ముందు పీసీకి ఇచ్చారు, తర్వాతి నెల పీఎస్ 5 కి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 10 జీబీ మెమరీలో ఇద్దరు కలిసి ఆడే తెర పట్టలేదు, అందుకని ఎక్స్‌బాక్స్‌ది డిసెంబర్ దాకా ఆగింది, చివరికి సిరీస్ ఎస్‌లో ఆ సదుపాయం లేకుండానే ఇచ్చారు. మిగతావాళ్ల గేమ్‌ని దాని కోసం కోయలేదు.

షేడర్_సామి

అలిపిరి తమ్ముడూ, నీ గేమ్‌కి ఈలోపు ఇవి చేసి చూడు. టెక్స్చర్ క్వాలిటీ ఒక్కటి ఒక మెట్టు దించు, మిగతావి ముట్టుకోకు. ఫ్రేమ్‌లను 60 దగ్గర కట్టేయ్, ఎగిరి పడే 90 కంటే నిలకడగా ఉండే 60 కంటికి హాయి, పైగా గది వేడి తగ్గుతుంది. ఎన్‌వీడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ (తయారైన షేడర్లు దాచుకునే చోటు) సైజు పెంచు. గేమ్ హార్డ్ డిస్క్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చు. డ్రైవర్ మారిస్తే షేడర్లు మళ్లీ తయారవుతాయి, కాబట్టి ఆడే రోజు పొద్దున మార్చకు. అది అన్‌రియల్ ఇంజిన్ గేమ్ అయితే ఇన్‌పుట్ సెట్టింగుల ఫైల్‌లో మౌస్ స్మూతింగ్ అనే లైన్ ఉంటుంది, దాన్ని ఫాల్స్ చేయ్.

అలిపిరి_గేమర్

అన్నీ చేశాను సామీ. మౌస్ మారిపోయింది, ఇప్పుడు చెయ్యి ఎటు పోతే చూపు అటే. బిగుసుకోవడం పూర్తిగా పోలేదు గానీ సగానికి పైగా తగ్గింది. టెక్స్చర్ దించితే తేడా గోడల దగ్గరికి పోయి చూస్తే తప్ప తెలియడం లేదు.

డబ్బు వెనక్కి అడిగే దారి మాత్రం మూసుకుపోయింది. గేమ్ కొన్న ఆన్‌లైన్ స్టోర్ వాళ్లు రెండు గంటల లోపు ఆడితేనే ఇస్తారట. షేడర్లు తయారయ్యే టైమ్ కూడా ఆడిన టైమ్‌లోకే లెక్కపెట్టారు! ఇది న్యాయమా?

రేణిగుంట_రాజా

న్యాయం కాదు. గేమ్ ఓపెన్ అయి ఉంటే గడియారం తిరుగుతుంది, లోపల నువ్వు ఆడుతున్నావా, గీత నిండేదాకా ఎదురు చూస్తున్నావా దానికి అనవసరం. కొత్త గేమ్‌లకు ఆ టైమ్ పక్కన పెట్టాలి, గట్టిగా అడగాల్సిన విషయం ఇది. నేను అయితే విడుదలైన నెల కొనడమే మానేశాను. రెండు మూడు ప్యాచ్‌లు పడ్డాక, ధర తగ్గాక, సొంతంగా ఆడి రాసినవాళ్ల మాట చూసి కొంటాను.

లీలామహల్_సెంటర్

జీటీఏ 6 కి కూడా ఆగుతావా రాజా?

రేణిగుంట_రాజా

ఆగక ఏం చేస్తాం, వాళ్లు ప్రకటించింది పీఎస్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కే కదా. జీటీఏ 5 కూడా 2013 సెప్టెంబర్‌లో వస్తే మన దగ్గరికి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. కానీ వచ్చినప్పుడు ఎంత బాగా వచ్చింది! జీటీఏ 4 2008 లో చేసిన గాయం మాన్పేసింది. అలా వచ్చేటట్టయితే ఎన్నాళ్లైనా ఆగుతా.

మదనపల్లె_టమాటా

నేను ఆగలేను. మా బావ దగ్గర పీఎస్ 5 ఉంది, అప్పటికి వాళ్లింట్లోనే మకాం.

పలమనేరు_పిల్లోడు

నాకు ఒక సాయం చేయండి. ఈ థ్రెడ్ చదివాక 8 జీబీ కార్డు కొనాలంటే భయమేస్తోంది. ఇప్పుడు ఉన్నది 1650, 4 జీబీ. కొత్తది 8 కొనాలా, సెకండ్ హ్యాండ్‌లో 12 కొనాలా? ఆదివారం చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోదామని ఉన్నా.

షేడర్_సామి

1080 రిజల్యూషన్‌లో ఆడేటట్టయితే 8 తో బతకొచ్చు, కానీ టెక్స్చర్లు దించుకుంటూ ఉండాలి. నాలుగేళ్లు మార్చకూడదు అనుకుంటే 12 వైపే పో. 3060 లో 12 జీబీది దొరికితే స్పీడ్ కొంచెం తక్కువైనా ఊపిరాడుతుంది. 8 జీబీ 3060 కూడా ఒకటి ఉంది, పెట్టె మీద చూసి తీసుకో. సెకండ్ హ్యాండ్ అయితే షాపులోనే పెట్టించి అరగంట ఏదైనా బరువైన గేమ్ నడిపించి చూడు, బిల్లు లేనిది ముట్టుకోకు.

నెట్‌సెంటర్_అన్న

ఆదివారం పోవద్దు తమ్ముడూ, రిచీ స్ట్రీట్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి. మామూలు రోజు పొద్దున్నే పో. నీ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) ఎంత వాట్‌లదో ఫొటో తీసుకుని పో, కార్డుకి సరిపోతుందో లేదో వాళ్లే చెప్తారు.

పలమనేరు_పిల్లోడు

సరే అన్నా, మంగళవారం పోతా. ఎస్‌ఎంపీఎస్ 450 అని ఉంది, చాలుతుందా?

షేడర్_సామి

ఏ కంపెనీదో ఫొటో ఇక్కడ పెట్టు. పాత 450 లు చాలా వరకు పేరుకే 450.